చమేలీ దవడ పన్ను

పొద్దున్న ఆరయ్యేసరికి పైడమ్మ బెల్లం ముక్క పట్టుకుని పాకలోకి వెళ్తుంది. చమేలీ నోరు తెరుస్తుంది. ఎడమ పక్క, పై దవడలో నాలుగో పన్ను దగ్గర చెవి పెట్టి పైడమ్మ తన కొడుకు నవ్వు వింటుంది. విని, బెల్లం తినిపించి, కళ్లు తుడుచుకుని, బయటికొచ్చి టీ తాగుతుంది. నాలుగేళ్లుగా ఇదే వరస.

చమేలీ బరాత్ గుర్రం. భిలాయి క్యాంపులో తెలుగువాళ్లింట్లో అయినా, బిహారీవాళ్లింట్లో అయినా పెళ్లికొడుకుని మోసింది అదే. మోసిన ప్రతి పెళ్లీ దాని నోట్లో ఏదో ఒక పంట్లో ఉండిపోతుంది. బ్యాండు, టపాకాయలు, బావమరుదుల కేకలు, అన్నీ. పెళ్లిరోజు వచ్చిందంటే మొగుడూ పెళ్లాలూ మిఠాయి డబ్బా తెచ్చి, "మాది ఓసారి వినిపించత్తా" అంటారు. పైడమ్మ గుర్రం దవడ పట్టుకు నిలబడుతుంది. వాళ్లు విని, సిగ్గుపడి, వెళ్లిపోతారు. ఆ సందులో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇంకోటుంది. గట్టిగా అన్న మాటలు పంటి పైన నిలుస్తాయి. గుసగుసలు వేరు దాకా దిగిపోతాయి, అవి ఎవరికీ వినపడవు.

ఆ నాలుగో పన్ను మొత్తం ఉదయ్‌కుమార్ పెళ్లిదే. పైడమ్మకి ఒక్కగానొక్క కొడుకు. పెళ్లయిన పదకొండో రోజున టిఫిన్ తింటూ తింటూ పక్కకి వాలిపోయాడు. గుండె ఆగిందన్నారు. కోడలు మణిమాల కాలు మంచిది కాదని పైడమ్మ అంది, సందంతా అవునంది. అనడానికి ఖర్చేముంది చెప్పండి! మణిమాల పుట్టిల్లు భిలాయి-3. తండ్రి వచ్చి తీసుకెళ్తానంటే పైడమ్మ పోనివ్వలేదు. "నా కొడుకుని మింగీసి పుట్టింటికెల్లి కులుకుతాదా? ఇక్కడే ఉండి సాకిరీ సెయ్యనీ" అంది. ఆ పిల్ల కూడా తన వల్లే అయిందనుకుంది. ఇరవై మూడేళ్లకి తల వంచుకుని ఉండిపోయింది.

పేడ ఎత్తడం, గడ్డి కోయడం, నీళ్లు తోడడం మణిమాల పని. చమేలీ మొహం ముట్టుకోవడం, కళ్లెం పట్టుకోవడం మాత్రం కూడదు. మొగుడు పోయినది పెళ్లి గుర్రం పగ్గం ముడితే పెళ్లికొడుకులకి అరిష్టమట. పైడమ్మ మాత్రం మొగుడు పోయినది కాదా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. యజమాని సంగతి వేరన్నారు. పొద్దున్నే మొగుడి నవ్వు వినపడే వేళకి మణిమాల గోడవతల గంప పట్టుకుని నిలబడేది.

నిరుడు వర్షాల్లో చమేలీ మేత నమిలి నమిలి ఉండలు కింద పడెయ్యడం మొదలెట్టింది. తర్వాత ఎడమ ముక్కులోంచి చీము. వాసనకి బరాత్‌వాళ్లు వేరే గుర్రాన్ని మాట్లాడుకున్నారు. పైడమ్మకి తెలిసిన వైద్యం ఒక్కటే, గుడాఖు. ఆ పొగాకు ముద్దతో ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లు పొద్దున్నే పళ్లు తోముకుంటారు, ఆవిడకీ పెళ్లయి వచ్చినప్పట్నించీ అలవాటైంది. తన పంటినొప్పికి పనిచేసింది గుర్రానికి చెయ్యదా అని రోజూ రెండు పూటలా చమేలీ చిగురుకి రాసింది. నొప్పి తిమ్మిరెక్కేది. లోపల పన్ను నిమ్మళంగా కుళ్లిపోయేది. ఏడాది తిరిగేసరికి గుర్రం పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు అయిపోయింది.

ఒకరోజు అది పాకలో కూలబడి లేవకపోతే, అత్తకి చెప్పకుండా మణిమాల సుపేలా వెళ్లి పశువుల డాక్టరు భాగ్యరేఖని పిలుచుకొచ్చింది. భాగ్యరేఖ అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. లైటేసి నోరు చూసి, ముక్కు మూసుకుంది.

"ఈ పన్ను తీసెయ్యాలి మౌసీ. చీము పుర్రెలోకి పోయింది. వచ్చేవారం మాకు గుర్రాల పళ్ల వైద్యంలో రెండ్రోజుల ట్రైనింగ్ ఉంది. విశాఖ నించి పెద్ద డాక్టరుగారు వస్తున్నారు. బతికున్న గుర్రం కావాలన్నారు. తీసుకురండి, ఊరికే చేస్తాం."

"ఆ పన్నా?" పైడమ్మ గుర్రం మెడ వాటేసుకుంది. "ఓలమ్మో! అది తీసీస్తే నాకేటి మిగుల్తాది? నా గుంటడు అందులోనే ఉన్నాడు."

"ఉంచితే పదిహేను రోజులు. తర్వాత ఇంజెక్షన్ ఇచ్చి పంపెయ్యడమే. అప్పుడు గుర్రమూ ఉండదు, పన్నూ ఉండదు."

పైడమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. కొడుకు గొంతు పోతుందన్న ఏడుపని అందరం అనుకున్నాం, పాపం అన్నాం. నాలుగో రోజు, "సరే, గానీ ఇది మాత్రం అక్కడికి రాకూడదు" అని కోడల్ని చూపించింది. గుర్రం మెట్టు దిగాలన్నా మణిమాల గొంతు వినపడాల్సిందే మరి. తప్పక వెంటపెట్టుకెళ్లింది. తోడుగా సందులోవాళ్లం కొందరం వెళ్లాం.

ట్రైనింగ్ ఒక గోశాల వెనక రేకుల షెడ్డులో పెట్టారు. మొదటి రోజు చచ్చిన గుర్రాల పుర్రెల మీద. బల్ల మీద వరసగా ఎనిమిది పుర్రెలు, చుట్టూ పన్నెండుమంది కుర్ర డాక్టర్లు, చేతుల్లో అద్దాలూ ఆకురాళ్లూ. విశాఖ డాక్టరు యజ్ఞనారాయణ గరుకు పళ్లు ఎలా అరగదీయాలో చూపించాడు. ఒక పుర్రె బండి గుర్రానిది. ఆకురాయి తగిలినప్పుడల్లా బండివాడి బూతులు వినపడుతుంటే, ఆయన కాస్త దూది కుక్కి పాఠం సాగించాడు.

రెండో రోజు చమేలీ వంతు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. నోరు మూతపడకుండా ఇనప చట్రం బిగిస్తుంటే, మత్తులో కూడా అది తల విదిలించేసింది.

"దీనికి అలవాటైనవాళ్లెవరు? తల దగ్గర నిలబడండి" అన్నాడు యజ్ఞనారాయణ.

మణిమాల కదిలింది. పైడమ్మ అడ్డం వచ్చింది. "ముండమోసింది గుర్రం మొహం ముట్టుకోకూడదు బాబూ!"

"మీరు కొంచెం పక్కకి జరగండమ్మా. గుర్రానికి అవేం పట్టవు."

మణిమాల నాలుగేళ్లలో మొదటిసారి చమేలీ చెంప మీద చెయ్యి వేసింది. గుర్రం నిమ్మళించింది. తల బరువంతా ఆ పిల్ల భుజం మీద పెట్టేసింది.

"గుర్రం పన్ను పైకి కనిపించేది కొంచెమే. మిగతాదంతా లోపలుంటుంది" అన్నాడు యజ్ఞనారాయణ కుర్రాళ్లతో. "లాగితే విరుగుతుంది. పట్టకారుతో పట్టి, మెల్లిగా ఊపాలి. గంటైనా, రెండు గంటలైనా సరే. తలో అయిదు నిమిషాలు ఊపండి. శబ్దాలొస్తే పట్టించుకోకండి, చెయ్యి చూసుకోండి."

మొదటివాడు ఊపాడు. బ్యాండు మోగింది, షెడ్డంతా. రెండోవాడు ఊపితే టపాకాయలు. మూడోవాడి చేతికి ఉదయ్‌కుమార్ నవ్వు వచ్చింది. పైడమ్మ రోజూ వినే నవ్వు. ఆవిడ రెండు చేతులూ చాచింది. నవ్వు ఒకసారి వచ్చి ఆగిపోయింది, మళ్లీ రాలేదు. నాలుగోవాడు, అయిదోవాడు. చిగురు చుట్టూ నెత్తురు నురగ కట్టింది. పన్ను లోపల్నించి చితచితమని కదిలింది.

"ఇంక సాలు బాబూ!" పైడమ్మ ఒక్కసారి లేచింది. "నవ్వు ఎలిపోనాది కదా, ఇంక సాలు! మిగతాది ఒగ్గీయండి!"

"సగంలో వదిలేస్తే చచ్చిపోతుందమ్మా."

"సస్తే సావనీ! దాన్ని ఒగ్గీయండి!"

మణిమాల తలెత్తి అత్తని చూసింది. పదిరోజులుగా కొడుకు నవ్వు పోతుందని ఏడ్చిన మనిషి ఆవిడే. పట్టకారు అప్పుడు భాగ్యరేఖ చేతిలో ఉంది. ఆమె చెయ్యి ఆపలేదు. ఇంకో రెండు ఊపులకి పన్ను జారి చేతిలోకి వచ్చింది. బెత్తెడు పొడవు, వేరు దగ్గర నల్లగా. వేరులోంచి గుసగుస మొదలైంది. షెడ్డులో అందరూ విన్నారు.

"అమ్మా, గుండెల్లో పట్టేస్తన్నాదే. దిగిపోతాను." అది ఉదయ్‌కుమార్.

"నోర్ముయ్. ఆడపెళ్లోరు ఇంటే పెళ్లి ఆగిపోద్ది. డాక్టరు కాయితం బియ్యం డబ్బాలో దాసీసినాను. ఆపరేసను పెళ్లయ్యాక సేయిద్దుము." అది పైడమ్మ. "అందరూ సూస్తన్నారు. నవ్వు. నవ్వమంటన్నానా!"

అక్కడితో అయిపోయింది. భాగ్యరేఖ పన్నుని స్టీలు పళ్లెంలో పెట్టింది. "ఇప్పుడు గుంటలో చీము కడగాలి, గాజుగుడ్డ పెట్టాలి" అన్నాడు యజ్ఞనారాయణ. కుర్రాళ్లు నోట్సు రాసుకున్నారు.

మణిమాల చమేలీ తలని భుజం మీదే మోస్తూ నిలబడింది. అక్కణ్నించే అడిగింది.

"ఆ నవ్వు నువ్వు చెప్తే నవ్వినదా అత్తా?"

పైడమ్మ కింద కూర్చుండిపోయింది.

"నా కాలు, నా కాలు అని చార్ సాల్, నాలుగేళ్లు, అన్నావు. నేను కూడా అదే అనుకున్నా. రోజూ రాత్రి నా కాళ్లు చూసుకునేదాన్ని, తెలుసా నీకు?"

"ఒక్క కొడుకే," అంది పైడమ్మ. "పెళ్లి సూడాలనుకున్నాను. అంత తొందరగా అయిపోద్దని నాకేటి తెలుసు?"

మణిమాల చమేలీకి మత్తు దిగేదాకా దాని చెంప నిమురుతూనే ఉంది. కోపం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నేను అంతకుముందు ఎరగను.

సాయంత్రం నాలుగింటికి భాగ్యరేఖ కాయితం పట్టుకొచ్చింది. మందులు, మళ్లీ చూపించాల్సిన తేదీ, అన్నీ రాసి, చివర గుర్రం యజమాని పేరు రాసే ఖాళీ దగ్గర ఆగింది. "మాలిక్ పేరు ఏం రాయను?" అని పైడమ్మ వైపే తిరిగింది.

పైడమ్మ పళ్లెంలోంచి పన్ను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఉంది. ఊపింది. మళ్లీ పెట్టుకుంది. అందులో ఏమీ లేదు.

"మణిమాల అని రాయండి దీదీ" అంది మణిమాల. "భిలాయి-3."

భాగ్యరేఖ పైడమ్మ ఏమైనా అంటుందేమోనని చూసింది. ఆవిడ పన్నుని ఇంకోసారి ఊపింది. పేరు పడింది.

మణిమాల పగ్గం చేతికి చుట్టుకుంది. గోశాల గేటు బయట ఎడమకి తిరిగితే క్యాంపు, కుడికి తిరిగితే భిలాయి-3 రోడ్డు. కుడికి తిరిగింది. చమేలీ తూలుకుంటూ వెనకే నడిచింది. పైడమ్మ అప్పుడు లేచి, చెంగు సర్దుకుంటూ గేటు దాకా పరుగెత్తింది.

"ఒలే మణీ! రేపు పొద్దున్న దానికి బెల్లం..."

మణిమాల ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"పుండు మానేదాకా బెల్లం పెట్టొద్దన్నారు" అని చెప్పి, గుర్రాన్ని రోడ్డు వారకి పట్టుకుని నడిచింది.