వేళ్ళు తీయని మొద్దు

కరకట్ట మీద చెట్టు ఉండకూడదు. ముప్పై ఏళ్ళుగా నా పని అదే. గడ్డి కోయిస్తాను, పొదలు కొట్టిస్తాను. చెట్టు మొలిస్తే వేళ్ళతో సహా తవ్వించి, ఆ గోతిలో బంకమట్టి పోయించి దిమ్మిసతో కొట్టిస్తాను. వేరు లోపలే ఉండిపోతే కుళ్ళి, ఆ చోట గొట్టంలాంటి దారి పడుతుంది. వరద నీళ్ళకు ఆ దారి చాలు. కొత్త కూలీకి మొదటి రోజే ఈ సంగతి చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెబుతాను.

కట్ట కిందే మా అక్క ఇల్లు. బావ పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే. ఇంటి వెనక కట్ట వాలు మీద ఒక చెట్టు లేచింది. దాని నీడలో మిషను వేసుకుని అక్క బట్టలు కుట్టేది. కొట్టడానికి వెళ్ళిన రోజు పన్నెండు మంది కూలీల ముందు, "ఒరేయ్ చీమిడీ, నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది. నా చెట్టు మీదికే వస్తావా?" అంది. అందరూ కిసుక్కున నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె చూస్తుండగానే దగ్గరుండి కొట్టించాను.

వేళ్ళు తవ్వాలంటే ఇంకో రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ ఆమె నోట్లో నానడం నా వల్ల కాదనుకున్నాను. మొద్దు మీద మట్టి కప్పించి, పైన గడ్డి పరిపించి, వేళ్ళతో సహా తీశామని రిజిస్టరులో రాశాను.

నాలుగేళ్ళకు పెద్ద వరద వచ్చింది. పొద్దున్నే అక్క ఆయాసపడుతూ కట్ట ఎక్కింది.

"తమ్ముడూ, వంటింట్లో నీళ్ళు ఊరుతున్నాయిరా."

"తేటగా ఉన్నాయా, మట్టిగానా?"

"మట్టిగానే. బుడబుడా పొంగుతున్నాయి."

మట్టి నీళ్ళంటే కట్ట లోపల కోసుకుపోతోందన్నమాట. ఇంజనీరుకు చెబితే అరగంటలో ఇసుక బస్తాలు దిగుతాయి, ఆ వెంటే కారణం వెతుకుతారు, నా మొద్దు కూడా బయటపడుతుంది. నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది.

"ఏటా ఊరేదే కదక్కా. ఊరికే కంగారుపడకు, ఇంటికెళ్ళు," అన్నాను.

"నువ్వన్నావంటే సరేరా," అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి సరిగ్గా అక్కడే గండి పడింది. పక్కింటివాళ్ళు ఆమెను జుట్టు పట్టుకుని డాబా మీదికి లాగారు. ఇల్లు ఉన్న చోట గోడ కూడా మిగల్లేదు.

నెల తర్వాత విచారణ. గండిలో దొరికిన కుళ్ళిన వేరును ఇంజనీరు బల్ల మీద పెట్టాడు. కొత్త ఇంటి కోసం అర్జీ పెట్టుకున్న అక్క ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఇదేంటి మేస్త్రీ?"

"మేం తీసేశాం సార్. నీడ కావాలని ఆవిడే మళ్ళీ నాటింది. అది ఎండిపోయింది."

"నిజమేనా అమ్మా? కట్టకు చేటు చేసినవాళ్ళకు ఇల్లు రాదు, తెలుసుగా?"

అక్క నా వంక చూసింది.

"నాటాను బాబూ," అంది.

ఇంజనీరు జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు. అప్పుడు నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెబితే నా మొహాన ఉమ్మేస్తారు.

బయటికొచ్చాక, "మా ఇంటికి రా అక్కా," అన్నాను.

"నీ పిల్లల మొహం చూసి అన్నానురా. నన్ను చావుకు పంపినవాడి ఇంట్లో నాకు నిద్రెలా పడుతుంది?" అంది, గొంతు కూడా పెంచకుండా.

బస్సు వస్తే ఎక్కింది. ఎక్కడికని నేను అడగలేదు.