పెద్దది తిన్న ముద్దలు

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ తల్లికి ఇద్దరు ఆడపిల్లలు. పదేళ్ల పెద్దది బొద్దుగా ఉంటుంది. ఆరేళ్ల చిన్నది గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది, అందుకే నాయనమ్మ దాన్ని పిచికా అని పిలుస్తుంది. ఒకే కడుపున పుట్టి, ఒకే గిన్నెలోది తింటూ ఇద్దరూ ఇలా ఎందుకున్నారో తల్లికి అంతుపట్టేది కాదు. ఆలోచిద్దామంటే ఒంట్లో ఓపిక ఉండాలి కదా. మొగుడు లారీ తీసుకుని వెళ్లాడంటే వారాల తరబడి ఇల్లు చూడడు.

బడిలో పిల్లల బరువులు చూశాక డాక్టరమ్మ ఆమెను పిలిపించింది. చాలాసేపే మాట్లాడింది. కానీ పొద్దుటి నుంచీ ఆవిరిలో నిలబడి వచ్చిన ఆమె చెవికెక్కినవి రెండే ముక్కలు. పెద్దది తగ్గాలి, చిన్నది పెరగాలి.

ఇంకేముంది, ఆ ఇంట్లో రెండు వంటలు మొదలయ్యాయి. పెద్దదానికి ఉడకబెట్టిన కూరగాయలు, గరిటెడు అన్నం. చిన్నదానికి గుడ్డు, వెన్న, గరిటె మీద గరిటె. పెద్దది మారు అడిగితే "ఇక చాల్లే" అనేది. చిన్నది ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటే "కంచం ఖాళీ కాకుండా లేచావంటే ఊరుకోను" అనేది. ఒక్కోసారి దాన్ని తిట్టీ తిట్టీ తనే ఏడ్చేసేది.

సాయంత్రం డ్యూటీ పడిన రోజుల్లో పిల్లల తిండి అత్తగారే చూసేది. ఆ రోజుల్లో చిన్నదాని కంచం నాకినట్టు ఖాళీగా ఉండేది.

"చూశావా? నేను పెడితే కిక్కురుమనకుండా తింటుంది," అని మురిసిపోయేది పెద్దావిడ.

మళ్లీ బరువులు చూశారు. చిన్నది ఇంకాస్త తగ్గింది. పెద్దది ఇంకాస్త పెరిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇంటికొచ్చే దారిపొడుగునా ఆమె పెద్దదాని చెయ్యి పట్టుకోలేదు.

"దొంగతిండి ఎక్కడ తింటున్నావే?"

అది తల దించుకుని నడిచింది.

"నిన్నే! నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"ఏం లేదమ్మా."

ఆ తర్వాత ఒకరోజు లాండ్రీలో బాయిలర్ పాడైంది. అందరినీ ఇళ్లకు పొమ్మన్నారు. ఆమె కాళ్లీడ్చుకుంటూ వచ్చి తలుపు దగ్గర చెప్పులు విడుస్తోంది. ముందుగదిలో టీవీ మోగుతోంది, అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తోంది. వంటింట్లోంచి పిల్లల గుసగుసలు వినిపించాయి.

"గుడ్డు సగమన్నా తినవే పిచికా. మిగతాది నాకు వేసెయ్."

"నీకు నిన్న కడుపునొప్పి వచ్చింది కదా అక్కా?"

"పర్లేదు. కంచంలో మిగిలితే అమ్మ నిన్ను తిడుతుంది. తిట్టాక మళ్లీ ఏడుస్తుంది."

ఆమె వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. పెద్దది గబగబా ముద్ద మీద ముద్ద మింగుతోంది. ఇష్టంగా తింటున్నట్టు లేదు, మందు మింగుతున్నట్టుంది. తల్లిని చూడగానే బుగ్గల్లో అన్నం అలాగే ఉంచుకుని బిగుసుకుపోయింది.

"అక్కని కొట్టకమ్మా! నేనే వేశాను," అని చిన్నది ఏడుపు లంకించుకుంది.

ఆమె కొట్టలేదు. పెద్దదాని నోటి కింద అరచెయ్యి పట్టి, "ఉమ్మెయ్యి తల్లీ," అంది. ఇద్దరి మధ్యా నేల మీద కూలబడింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ పని," అంది డాక్టరమ్మ. "ఎంత తినాలన్నది వాళ్ల పని. అందరికీ ఒకే వంట చేసి, కలిసి కూర్చోండి. బలవంతం వద్దు, 'ఇక చాల్లే' అనడమూ వద్దు. పోయినసారీ ఇదే చెప్పానమ్మా."

"చెప్పే ఉంటారండీ. నాకు కళ్లు మూతలు పడుతున్నాయప్పుడు."

అప్పటి నుంచి గిన్నెలు మధ్యలో పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లనే వేసుకోమంది. మొదట్లో అది చూడటం కంటే దుప్పట్లు ఇస్త్రీ చేయడమే నయమనిపించింది. పెద్దది కరువులోంచి వచ్చినట్టు తినేది, గరిటె ఎత్తినప్పుడల్లా తల్లి మొహం చూసేది. తల్లి నోటిదాకా వచ్చిన మాట మింగేసి కూర్చునేది. చిన్నది రెండు ముద్దలు కతికి తుర్రుమనేది. "పిల్లల్ని గాలికొదిలేశావ్," అని అత్తగారు సణిగేది. కాదని వాదించే ఓపిక ఆమెకు లేదు.

నెలలు గడిచాయి. పెద్దది పొడుగు సాగింది, బరువు మాత్రం ఉన్నచోటే ఆగింది. చిన్నది కాస్తంత ఒళ్లు చేసింది, కానీ బీన్స్ పేరెత్తితే ఇప్పటికీ ముక్కు మూసుకుంటుంది.

ఒక సాయంత్రం పెద్దది కంచంలో ఇంకా కూర ఉండగానే చెయ్యి ఆపింది.

"నిండిందమ్మా," అంది భయం భయంగా.

"అయితే లే," అంది తల్లి.

అది చెయ్యి కడుక్కుని చెల్లెలి వెనకాల పరుగెత్తింది. ఆమె అంట్లగిన్నెల వైపు ఒకసారి చూసింది. అవెక్కడికీ పోవులే అనుకుని, కాసేపు లేవకుండా అలాగే కూర్చుంది.