ఫోనులో గోడ చప్పుడు

స్నానాలగదిలో కుళాయి తిప్పి, సూరన్న సెల్‌ఫోనును ధార దగ్గర పట్టుకున్నాడు. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత బకెట్టు అడుగున నీళ్ళు దబదబ పడ్డాయి. ధార ఎంత లావుందో తెలిసేదాకా ఆగి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"ఇనపడిందా బావా?"

"ఇనపడింది. మా ఓడలో కన్నా నయమే. తలుపెయ్యి."

సూరన్న తలుపు వేసి తీశాడు. అది పెద్దగా కీచుమంది.

"ఓర్నాయనో! అది తలుపా, మా సీఫ్ కుక్కు గొంతా?" అని నవ్వాడు అవతలివాడు.

అతను వీర్రాజు, సరుకు ఓడలో వంటవాడు. రేవులో చోటు దొరక్క ఓడ సముద్రంలోనే లంగరేసుకుని ఉంది. ఎవరినీ ఒడ్డుకు దిగనివ్వడం లేదు. ఇందాక అతని భార్య నాగశ్రీని మేడ మీద నిలబెడితే బైనాక్యులర్స్‌లో చూసి, "మా ఆవిడ అగ్గిపుల్లలాగ కనపడతంది, ఇల్లు మాత్రం కనపడ్నేదు" అన్నాడు. అందుకే ఇల్లు చూపించే పని సూరన్నకు పడింది.

సూరన్న ఎలమంచిలి నుంచి బస్తాలు మోయడానికి వచ్చినవాడు. నడుము పట్టేశాక ఇళ్ళ బేరాల్లో దిగాడు. ఓడల మీద తిరిగేవాళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు వదల్లేనివాళ్ళు అతని గిరాకీలు. మొదట్లో ఎస్టీడీ బూతు నుంచి నోటిమాటగా చెప్పేవాడు. సెల్లు వచ్చాక ఇంటినే వినిపిస్తున్నాడు. గోడలు కొట్టీ కొట్టీ కుడిచేతి కణుపులు కాయలు కాసి, నల్లబడి, చింతగింజల్లా ఉన్నాయి. భార్య పోయాక తన కాపురం బూతు వెనక గదిలోనే. అన్ని గోడలు తట్టిన మనిషి తనకంటూ ఒక గోడ కట్టుకోలేదు.

అతని లెక్కలో ఇల్లు అమ్మేది యజమాని. తను అమ్మేది తన చెవి. అది ఒక్కసారి అబద్ధమాడితే ఓడంతా తెలుస్తుంది, ఓడ ఆగిన ప్రతి రేవుకీ తెలుస్తుంది. దీన్ని అతను మంచితనం అనుకోడు. సరుకు చెడితే కొట్టు మూతపడుతుంది, అంతే.

వరండాలోంచి ఇంటి యజమాని గంగాధరరావు కేక వేశాడు. "ఏటయ్యా, ఫోన్లోనే కాపరం కూడా సేసెత్తారా? మజ్జాన్నం ద్వారకా నగర్ పార్టీ వత్తంది. ఆళ్ళు కళ్ళతోనే సూసుకుంటారు."

మిగిలింది వెనకగది. ఇంటి వెనక కొండవాలు నేరుగా ఈ గోడకే ఆని ఉంది. గోడకి కొత్త సున్నం. పొద్దున్నే సూరన్న దాని మీద అరచెయ్యి వేసి చూశాడు. చల్లగా తగిలింది. కణుపుతో తడితే లోపల ఖాళీ పలికింది. తడికి ఉబ్బిన గోడ మీద పైపైన ప్లాస్టరింగు చేయించి దాచారు. అప్పుడు నాగశ్రీ పక్కనే ఉంది. ఆ చప్పుడు ఆమె కూడా విన్నది.

"ఎనకగది కొట్టు బావా. కొండేపు గోడ."

నాగశ్రీ చప్పున వచ్చి ఫోను మీద చెయ్యి మూసింది. నెలలు నిండిన మనిషి, రొప్పుతోంది.

"అన్నయ్యా, ఆయనకి ఇనిపించకు. ఆ స్తంబం కొట్టు."

గోడకు ఆనుకునే సిమెంటు స్తంభం ఉంది. దాన్ని కొడితే గట్టిగా పలుకుతుంది. సముద్రం మీద వినేవాడికి తేడా తెలియదు.

"గోడ తడమ్మా," అన్నాడు సూరన్న గొంతు తగ్గించి.

"తడిస్తే తుడుసుకుంతాను. ఈయన సెవికి ఏ గోడా ఆనదు. ఇప్పుడున్న అద్దింటి ఓనరమ్మ నా ఇంట్లో పురుడొద్దంది, నీళ్ళు కూడా కట్టేసింది. అమ్మ నేదు. నానెక్కడ కనాల?"

స్తంభం కొడితే ఈ పూటకి అందరూ లాభపడతారు. బిడ్డ ఈ ఇంట్లోనే పుడుతుంది, ఈ చల్లటి గోడ పక్కనే ఉయ్యాల వేస్తారు. వానాకాలం పోయాక వీర్రాజు దిగుతాడు. దిగగానే తన చేత్తోనే ఈ గోడ కొడతాడు.

ఆమె చేతి కింద ఫోను అరుస్తోంది. సూరన్న ఆ వేళ్ళను మెల్లగా తప్పించాడు.

"బావా, ఉన్నావా? రేవులో బెర్తు నేదంట, పారాదీప్ రేవుకి పొమ్మన్నారు. లంగరెత్తుతన్నారు. జల్దీ కొట్టు!"

నాగశ్రీ అతని మణికట్టు పట్టుకుంది, స్తంభం వైపు లాగుతోంది. ఫోన్లో గొలుసు రాపిడి, ఎవరివో కేకలు.

సూరన్న చెయ్యి విడిపించుకుని గోడనే కొట్టాడు. మూడుచోట్ల కొట్టాడు. మూడూ ఒకేలా పలికాయి. సున్నం పెళ్ళ ఒకటి ఊడి అతని చెప్పు మీద పడింది.

గొలుసు మోత మధ్యలోంచే జవాబు వచ్చింది.

"డొల్ల," అన్నాడు వీర్రాజు. "వొద్దు బావా. నాగుకి సెప్పు, ఇంకోటి సూద్దారి. నాను మల్లీ..."

లైను తెగింది.

నాగశ్రీ అంతా విన్నది. ఏడవలేదు. చెంగుతో మెడ తుడుచుకుంది.

"మా ఓనరమ్మకి కూడా నువ్వే వచ్చి సెప్పన్నయ్యా, గోడ డొల్లగుందని."

వీధిమెట్లు ఒక్కొక్కటే దిగింది. ప్రతి మెట్టుకీ ఆగి కమ్మీ మార్చి పట్టుకుంది. సాయం పట్టడానికి రెండడుగులు వేసిన సూరన్న, ఆమె వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపి వద్దనేసరికి ఆగిపోయాడు.

"బేరం సెడగొట్టడానికి నీలాంటోడొక్కడు సాలు," అన్నాడు గంగాధరరావు. "కిటికీలేసి తాళమిచ్చి పో."

సూరన్న మేడెక్కి కిటికీలు వేశాడు. దూరంగా ఓడ ముక్కు తిప్పుకుంటోంది. ఫోను చేతిలోనే పట్టుకుని చూశాడు, మోగలేదు. తన చెవికి చెడ్డపేరు రాలేదు. ఆ లెక్క సరిపోయింది. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషికి నష్టం చేసి, కనబడని మనిషి దగ్గర తన సరుకు కాపాడుకున్నాడు. దాన్ని ఏ పద్దులో వెయ్యాలో అతనికి తెలియలేదు.

కిందికి వచ్చి వంటింటి కిటికీ వెయ్యబోయాడు. వంటిల్లు అందరూ చూసి ఇవతలికి వచ్చాక నాగశ్రీ ఒక్కతీ ఎప్పుడు వచ్చి పెట్టిందో, గట్టు మీద ఒక కొత్త గిన్నె ఉంది. దాని అంచుకు రాసిన పసుపు ఇంకా ఆరలేదు. పక్కన పాలప్యాకెట్టు, దాని ఒంటికి పట్టిన చెమట గట్టు మీదికి జారి చిన్న మడుగు కడుతోంది.