నాలుగో అంశం

రాష్ట్ర ఎగువ సభలో ప్రభుత్వానికి ఇరవై మంది, ప్రతిపక్షానికి పంతొమ్మిది మంది. మధ్యలో ముగ్గురు. తొంభై ఒకటిలో సిడ్నీలో ఉన్న తెలుగువాళ్ళలో ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. నాకు పట్టింది. పారమట్టా స్టేషనుకి నాలుగు వీధుల అవతల నాకు సరుకుల కొట్టు ఉంది. పదకొండేళ్ళుగా గుమ్మంలో అడుగు పెట్టే మనిషిని చూసి, కొనేవాడో తడిమి వెళ్ళిపోయేవాడో చెప్పగలను. ఆ ముగ్గురూ అమ్మడానికే కూర్చున్నారని మొదటిసారి కలిసినప్పుడే తెలిసింది. తప్పు పట్టడం లేదు. నేనూ చేసేది అదే.

వాళ్ళు తమని సెంటర్ గ్రూప్ అని పిలుచుకునేవారు. అటు కాదు, ఇటు కాదు అని వాళ్ళ మాట. నాయకురాలు మిసెస్ ప్రిట్చర్డ్, అరవై దగ్గర పడిన మాజీ స్కూలు టీచరు. ఫిబ్రవరిలో వాళ్ళు ఒక ఆకుపచ్చ కాగితం అచ్చు వేశారు. ఒక పక్క ప్రభుత్వం మీద విమర్శ: ఆస్పత్రుల్లో వార్డులు మూసేస్తున్నారు, నదిలోకి ఫ్యాక్టరీ నీళ్ళు వదులుతుంటే చూస్తూ కూర్చున్నారు, ఉద్యోగాలు పోయినవాళ్ళకి శిక్షణ ఇస్తామని క్యూలో నిలబెడుతున్నారు. రెండో పక్క ఏడు అంశాలు. తమ ఓటు కావాలంటే ప్రభుత్వం చేయవలసినవి. నాలుగో అంశం, విదేశాల్లో చదివిన డాక్టర్లకి, డాక్టర్లు దొరకని ఆస్పత్రుల్లో ఒక ఏడాది పర్యవేక్షణ కింద పని ఇచ్చి, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. ఆరో అంశం, పెద్ద సూపర్ మార్కెట్లు ఆదివారాలు తెరవడానికి ఇవ్వబోతున్న అనుమతి ఆపాలి.

ఆ రెండూ నేను చెప్పి పెట్టించినవే. ఆరోది నా కోసం. నాలుగోది మా బావ కోసం.

బావ అంటే మా చెల్లెలు విద్యావతి భర్త, ఉపేంద్ర. గుంటూరులో సర్జన్‌గా పదిహేనేళ్ళు చేశాడు. ఎనభై ఏడులో ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు ఒక పెద్ద ఆస్పత్రిలో వార్డ్స్‌మన్. అంటే రోగిని ట్రాలీ మీద ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా తోసుకెళ్ళి, అక్కడ వదిలేసి వెనక్కి రావడం. డాక్టర్ల పరీక్షలో రాతభాగం పాసయ్యాడు. రెండో భాగానికి ఏటా ఇంతమందికే అని గేటు పెట్టారు, అతని వంతు రాలేదు. రాతభాగం ఫలితం డిసెంబరు దాటితే చెల్లదు. వయసు నలభై నాలుగు. నాలుగో అంశం చట్టమైతే మళ్ళీ కత్తి పట్టుకుంటాడు. కాకపోతే ట్రాలీయే.

"మీ వాళ్ళ సంతకాలు కావాలి," అంది మిసెస్ ప్రిట్చర్డ్, విద్యావతి వేసిన పెసరట్టు చేత్తో తుంచుకుంటూ. ఆమె మా ఇంటికి రెండుసార్లు భోజనానికి వచ్చింది. "ముఖ్యంగా ఇక్కడ రిజిస్టరైన భారతీయ డాక్టర్లవి. ప్రమాణాలు పడిపోతాయని మంత్రి అంటున్నాడు. వాళ్ళ దేశపు డాక్టర్లే పడిపోవంటున్నారని నేను చూపించాలి."

"ఎన్ని?" అన్నాను.

"పది మంది డాక్టర్లు చాలు. మిగతావాళ్ళు ఐదు వందలు."

నేను ఆరో అంశం కోసం చిన్న కొట్లవాళ్ళ సంతకాలు తీసుకోవడానికి కాగితం పట్టుకుని బయల్దేరాను. లెబనీస్ రొట్టెల కొట్టు, వియత్నాం కూరగాయల కొట్టు, గ్రీకు చేపల కొట్టు. మొదటి సంతకం నాది, సత్యనారాయణ అని పెద్దగా పెట్టాను. రెండు వారాల్లో నూట నలభై కొట్లు వచ్చాయి.

ఉపేంద్ర తన కాగితాలు తనే టైపు చేయించుకున్నాడు. ఉగాదికి తెలుగు సంఘం వాళ్ళు స్కూలు హాల్లో పెట్టిన కార్యక్రమానికి తీసుకొచ్చాడు. పచ్చడి పంచుతున్న బల్ల పక్కనే కూర్చున్నాడు. నేను కాగితం చూసి, "బావగారూ, మొదటి వరస ఖాళీగా ఉందేమిటి?" అన్నాను.

"వాసుదేవరావుగారికి వదిలానండి. పెద్దాయన పేరు పైన లేకుండా మనం ఎలా పెట్టేస్తాం?"

శుభలేఖ మీద పెద్దల పేర్లు పైన వేసినట్టు చేశాడు. వాసుదేవరావుగారు డెబ్భై ఒకటిలోనే వచ్చినవారు, కన్సల్టెంట్. సిడ్నీలో తెలుగు డాక్టర్లు అందరూ ఆయన్ని సార్ అనే పిలుస్తారు. ఉపేంద్ర ట్రాలీ తోసేది కూడా ఆయన థియేటర్‌కే.

ఇక ఒక్కొక్క డాక్టరూ రావడం, కాగితం చూడడం.

"అరె, సార్ పెట్టలేదేంటి?"

"పెడతారు, ఇప్పుడే వస్తారు."

"అయితే సార్ పెట్టాక పెడతాలే ఉపేంద్రా. బాగోదు."

"ఇదేంటోయ్, సర్జన్లందరూ క్యూలో ఉన్నారు! టికెట్లు అమ్ముతున్నావా?" అన్నాడు లివర్‌పూల్ నుంచి వచ్చిన ఒకాయన. నవ్వాడు. పెన్ను మాత్రం జేబులోంచి తియ్యలేదు.

వాసుదేవరావుగారు ఆరింటికి వచ్చారు. ఉపేంద్ర లేచి కాగితం రెండు చేతులతో ఇచ్చాడు. ఆయన కళ్ళద్దాలు మార్చుకుని మొత్తం చదివారు. పెన్ను మూత తీశారు. మళ్ళీ పెట్టారు. "మంచి డ్రాఫ్ట్. ఇంటికి తీసుకెళ్ళి నిదానంగా చూస్తా," అన్నారు. మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. మూడు వారాల తర్వాత పోస్టులో తిరిగొచ్చింది. మడత పోలేదు, మొదటి వరస నిండలేదు. ఆ తర్వాత దాని కింద మామూలు జనం పేర్లు నాలుగు వందల అరవై చేరాయి. వాళ్ళలో ఒక్క డాక్టరూ లేడు.

ఆ నెలలోనే ఆయన గోంగూర పచ్చడి కోసం కొట్టుకి వచ్చారు. నేనే అడిగాను.

"చూడు సత్యనారాయణా," అన్నారు, సీసా మూత గట్టిగా ఉందో లేదో చూస్తూ. "నాకు కన్సల్టెంట్ అవడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఒక్క ఏడాదిలో ఇచ్చేస్తే, నా పన్నెండు ఏమైనట్టు? రేపు పేషెంట్ నన్ను చూసి, వీడు ఏ లాట్‌లో వచ్చాడో అని అడగడూ?"

"మా బావ చెయ్యి మంచిదంటారండి."

"మంచిదే. ట్రాలీ చాలా స్మూత్‌గా తోస్తాడు. పేషెంట్లు కంప్లైంట్ చెయ్యరు," అన్నారు. తను చమత్కారం చేశానని ఆయనకే తెలియనంత మామూలుగా అన్నారు. పచ్చడి రెండు సీసాలు తీసుకున్నారు.

నాకు కోపం రాలేదు. ఆయన తన సరుకు విలువ కాపాడుకుంటున్నాడు. నేను ఆదివారం సూపర్ మార్కెట్ తలుపులు మూయించాలని చూసేదీ అందుకే. తేడా ఏమైనా ఉంటే, ఆయన దానికి ప్రమాణాలని పేరు పెట్టుకున్నాడు, నేను పెట్టుకోలేదు.

ఆగస్టులో మిసెస్ ప్రిట్చర్డ్ మమ్మల్ని సిటీలో శాసనసభ భవనానికి పిలిచింది. ఉపేంద్ర తనకున్న ఒక్క సూటూ వేసుకుని వచ్చాడు. రైల్లో వెళుతున్నంతసేపూ చెప్పవలసిన మాటలు ఇంగ్లీషులో గొణుక్కుంటూనే ఉన్నాడు.

"మీరు ఎమోషనల్ అయిపోతారు బావగారూ. నేను మాట్లాడతాను, మీరు బయట కూర్చోండి," అన్నాను.

"సరేనండి. మీరైతే కరెక్ట్‌గా చెప్తారు," అన్నాడు. వరండాలో బల్ల మీద, మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు.

లోపల ఆమె తలుపు వేసింది. "ప్రభుత్వం ఏడింటిలో ఐదు ఒప్పుకుంటుంది. బడ్జెట్‌కి మా ముగ్గురి ఓట్లూ ఇస్తాం. రైళ్ళ అంశం ఎలాగూ వదిలేశాం. ఇంకొకటి వదలాలి. నాలుగు కానీ, ఆరు కానీ," అంది. బల్ల మీద రెండు కట్టలు ఉన్నాయి. ఒకటి డాక్టర్లది, ఒకటి కొట్లది. డాక్టర్ల కాగితం మీద వేలు పెట్టింది. "ఈ పై వరస ఎవరికోసం?"

అప్పుడు నేను చెప్పగలిగినవి మూడు ఉన్నాయి. ఆ పెద్దాయన ఇండియా వెళ్ళాడని చెప్పొచ్చు. మా ఆచారం ప్రకారం ఖాళీగా వదులుతామని చెప్పొచ్చు, ఆమె నమ్మేది, మా ఆచారాలేవైనా నమ్మేది. లేదా నిజం చెప్పొచ్చు.

"మాలో పెద్ద డాక్టరు కోసం. ఆయన పెట్టడు. రిజిస్టరైన వాళ్ళెవరూ పెట్టరు," అన్నాను.

"వాళ్ళకే ఇష్టం లేదన్నమాట."

"లేదు."

"కొట్లవాళ్ళు?"

"నూట నలభై. అందరూ ఓటర్లే. ఒక్కొక్క ఇంట్లో కనీసం నలుగురు. మీ అచ్చుకాగితం నూట నలభై కౌంటర్ల మీద ఉంటుంది."

ఆమె పెన్సిల్ తీసుకుని నాలుగో అంశం మీద గీత గీసింది. పెన్సిలైనా గట్టిగానే గీసింది. తర్వాత నా వైపు చూసి కాస్త మెత్తగా అంది: "నీ బావ కథ మాత్రం వదలను. ప్రభుత్వం మీద విమర్శలో అంతకంటే బలమైనది నా దగ్గర లేదు. మూడు వేల ఆపరేషన్లు చేసిన చేతులతో ట్రాలీ తోయిస్తున్నారని సభలో చదువుతాను. విమర్శ మానమని వాళ్ళు అడగలేదు. ఆ రోజు అతను గ్యాలరీలో కూర్చోగలడా?"

"కూర్చుంటాడు," అన్నాను.

బయటికి వచ్చేసరికి ఉపేంద్ర లేచి నిలబడ్డాడు. "ఏమంది?"

"మీ కథ సభలో చదువుతుందట. మీ పేరుతో."

అతను నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. నేను అబద్ధం ఏమీ చెప్పలేదు.

సెప్టెంబరులో, బుధవారం మధ్యాహ్నం. గ్యాలరీలో మేమిద్దరం, వెనకాల స్కూలు పిల్లలు. మిసెస్ ప్రిట్చర్డ్ లేచి పావుగంట ప్రభుత్వాన్ని దులిపింది. వార్డులు, నది, క్యూలు. చివర్లో ఉపేంద్ర. గుంటూరు పేరు ఆమె నోట ఎలా పలికినా, పలికింది. ఆస్పత్రి పేరు కూడా చెప్పింది. "ఇది ఈ ప్రభుత్వానికి సిగ్గుచేటు," అంటూ పైకి చూసింది. ముగ్గురు నలుగురు సభ్యులు తలెత్తి చూశారు. ఉపేంద్ర లేచి నిలబడి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. యూనిఫాం మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

తర్వాత ఓటింగ్. ముగ్గురూ లేచి ప్రభుత్వం వైపు వెళ్ళి కూర్చున్నారు. బడ్జెట్ నెగ్గింది. సూపర్ మార్కెట్ల ఆదివారాలు రెండేళ్ళు వాయిదా పడ్డాయి.

"మనది ఎప్పుడు వస్తుంది బావగారూ?" అన్నాడు ఉపేంద్ర, ముందుకు వంగి.

"దానికో టైము ఉంటుంది," అన్నాను.

ఆ వారమే ఆస్పత్రిలో పైవాళ్ళు అతన్ని పిలిచారు. ఆస్పత్రి పేరు సభలోకి లాగాడట. పై వార్డుల నుంచి తీసి లాండ్రీలో వేశారు. రోగి మొహం చూసే పని కూడా పోయింది. రక్తం అంటిన దుప్పట్లు లెక్కపెట్టి బస్తాల్లో వేయడమే. వాసుదేవరావుగారు నాకు ఫోన్ చేసి, "అయ్యో, నాకు ముందే చెప్తే నేను మాట్లాడేవాణ్ణి కదా," అన్నారు.

అక్టోబరులో ఒక ఆదివారం కొట్టు కిటకిటలాడుతోంది. సూపర్ మార్కెట్ మూసి ఉంది మరి. విద్యావతి, ఉపేంద్ర కలిసి వచ్చారు. విద్యావతి చేతిలో ఉత్తరం ఉంది. మిసెస్ ప్రిట్చర్డ్ వాళ్ళింటికి రాసిన కృతజ్ఞత ఉత్తరం. మర్యాదగా, వివరంగా రాసింది ఆవిడ. టీచరు కదా.

"అన్నయ్యా, ఇది ఏంటి?" అంది విద్యావతి. కౌంటర్ ముందున్న జనాన్ని తోసుకుని వచ్చింది. "‘మీ సమాజపు డాక్టర్లకే ఇష్టం లేదని మిస్టర్ సత్యనారాయణ నిజాయితీగా చెప్పినందువల్ల, నాలుగో అంశం వదలడం మాకు తేలికైంది.’ తేలికైందంట! నువ్వు చెప్పావా?"

"చెప్పాను. అది నిజం."

"నిజమే, నాకూ తెలుసు. ఆయన బయట బల్ల మీద ఉన్నాడు కదా ఆ టైములో! లోపలికి పిలిచి, ఆయన ముందర చెప్పాల్సింది నిజం. నేను వండిపెట్టానే ఆవిడకి. పెసరట్లు నీ కొట్టు కోసమని చెప్తే ఇంకో రెండు వేసేదాన్ని కదా!"

"ఆరోది కూడా పోయేది విద్యా. రెండూ పోయేవి. ఒకటైనా మిగిలింది."

"మిగిలింది. నీకు."

లైన్లో ఉన్న ఒకావిడ కందిపప్పు పొట్లం పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఉపేంద్ర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. లాండ్రీ రసాయనాలకి వేళ్ళ దగ్గర చర్మం ఊడుతోందని విద్యావతి అంతకుముందు ఫోన్లో చెప్పింది.

"ఒక్కటే అడుగుతానండి," అన్నాడు. "తీసేశారని మీకు ఆగస్టులోనే తెలుసు. మరి సెప్టెంబర్లో నన్ను అక్కడికి ఎందుకు తీసుకెళ్ళారు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ అతను చదువుకున్నవాడు, కట్టుకథ చెప్తే ఇంకా అవమానం.

"ఆవిడకి పైన ఒక మనిషి కనబడాలి బావగారూ. విమర్శ నిలబడాలంటే మనిషి ఉండాలి. మీరు రాకపోతే ఆవిడ ఆరోది కూడా మళ్ళీ తూకం వేసేది."

అతను తల ఊపాడు. రోగి బంధువులు చెప్పేది డాక్టరు విన్నట్టు, మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"నేను లేచి దణ్ణం పెట్టాను," అన్నాడు.

"చూశాను."

"పక్కనే ఉన్నారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టొచ్చు కదండీ. వాడెవడో వచ్చేదాకా ఎందుకు?"

కందిపప్పు ఆవిడ పొట్లం కౌంటర్ మీద పెట్టింది. నేను తీసుకున్నాను. తలెత్తేసరికి ఇద్దరూ వీధి దాటుతున్నారు, అతను ముందు, విద్యావతి వెనక. ఆ తర్వాత వాళ్ళు సరుకులు ఇంకెక్కడ కొంటున్నారో నాకు తెలియదు. ఈ చుట్టుపక్కల ఆదివారం తెరిచి ఉండే మన సరుకుల కొట్టు నాదొక్కటే.