దుబాసీ గొంతు

"నీకేం రోగం, గుండ్రాయిలా ఉంటేను," అన్నాడు మొగుడు, ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరాన్ని కిటికీ గట్టు మీద పడేస్తూ. ఆమె వయసు ఆడవాళ్ళందరికీ రొమ్ముల పరీక్ష ఉచితంగా చేస్తారట. అది మూడో ఉత్తరం. మొదటి రెండూ అత్తగారి మందుసీసాల కింద పరుపయ్యాయి. ఈ దేశపు భాష అతనికి కాస్త వచ్చు, ఆమెకి రాదు. కాబట్టి ఏ ఉత్తరంలో ఏముందన్నది అతని దయ.

ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలి అప్పటికి నాలుగు నెలలు. ఇప్పుడది రేగిపండంత అయింది. చెప్పడానికి తీరికేది? తెల్లవారి నమాజు అయింది మొదలు మంచంలో ఉన్న అత్తగారికి ఒళ్ళు తుడవాలి, పక్కబట్టలు మార్చాలి, వండి పెట్టి పనికి పరిగెత్తాలి. తనకీ ఒక ఒళ్ళుందని గుర్తొచ్చేది నాలుగు చెంబులు పోసుకునేటప్పుడే. ఒకసారి అత్తగారి దగ్గర పరీక్ష మాట ఎత్తి చూసింది. "పరాయివాళ్ళ ముందు బట్టలు విప్పుతావా? యుద్ధంలో ఇల్లు పోయింది, ఊరు పోయింది. మనకి మిగిలింది సిగ్గొక్కటే," అందావిడ, కోడలి చేత వీపు రుద్దించుకుంటూ.

ఆమె పని ఆ ఆస్పత్రిలోనే, నేలమాళిగలో ఉన్న లాండ్రీలో. పరీక్ష గదికి వెళ్ళే గౌన్లకు నాడాలు ముందువైపు ఉంటాయి. రోజుకి రెండు వందలు మడత పెడుతుంది. ఇంతమంది ఆడవాళ్ళు తొడుక్కుని విప్పుతున్నారు, వాళ్ళందరికీ సిగ్గు లేదా ఏమిటి అనిపించింది ఒకనాడు. మధ్యాహ్నం తిండి మానేసి, ఉత్తరం పట్టుకుని మెట్లెక్కింది.

నర్సు కుర్చీ చూపించి, దుబాసీ కోసం ఫోను కలిపి బల్ల మీద పెట్టింది. "భయపడకమ్మా, ఆవిడ అడిగింది మన భాషలో నేను చెబుతాను," అంది ఫోన్లోంచి ఒక మగ గొంతు.

ఆమెకి ఆ గొంతు తెలుసు. ఊరు వదిలొచ్చాక తలదాచుకున్న శిబిరంలో మూడేళ్ళు మైకులో రేషను వరస పిలిచిన గొంతది. ఇప్పుడు వాళ్ళ పై అంతస్తులోనే కాపురం. ప్రతి శుక్రవారం మసీదు నుంచి మొగుడితో కలిసొచ్చి ఆమె చేతి టీ తాగుతాడు, మొగుడూ ఆమే అన్నయ్యా అని పిలుస్తారు.

"గడ్డలాంటిదేమైనా ఉందా అని అడుగుతోందమ్మా." పాపం, మర్యాదస్తుడు, గొంతు తగ్గించే అడిగాడు. కానీ ఉందని చెప్పాక శుక్రవారం ఆ టీ గ్లాసు ఏ మొహం పెట్టుకుని అందిస్తుంది?

"ఏమీ లేదు," అంది.

"పరీక్ష చేయించుకుంటావా అంటోంది."

"వద్దులెండి. ఏమీ లేదు."

నర్సు అదే రాసుకుంది. ఆమె కిందికి వెళ్ళి మళ్ళీ గౌన్లు మడత పెట్టింది.

సాయంత్రం మొగుడు కంచం ముందు కూర్చుని, "ఆస్పత్రికి వెళ్ళావట కదా, అన్నయ్య చెప్పాడు. ఏమీ లేదన్నావట. నేను ముందే అనలేదూ?" అన్నాడు. కోపం లేదు, పైగా సంతోషంగా ఉన్నాడు. ఆమె కూర వడ్డించింది. ఎవరికీ తెలియకూడదని అబద్ధమాడింది, ఆ అబద్ధం ఆమె కన్నా ముందే ఇల్లు చేరింది. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంది. ఎవరి పరువు కోసం మోస్తున్నట్టు దీన్ని? ఏడుపు కూడా రాలేదు. విసుగొచ్చింది, ఒళ్ళంతా విసుగే.

మర్నాడు మడత పెట్టిన దొంతరలోంచి ఒక గౌను చేతి మీద వేసుకుని మెట్లెక్కింది. నర్సు గుర్తుపట్టి ఫోను అందుకోబోయింది. ఆమె ఫోను మీద అరచెయ్యి ఆనించి, ఈ దేశపు భాషలో తనకొచ్చిన నాలుగు మాటల్లో ఒకటి పలికింది. "వద్దు."

తెర వెనక్కి వెళ్ళి గౌను తొడుక్కుంది. తలమీద ముసుగు తియ్యలేదు, తియ్యమని ఎవరూ అడగలేదు. బయటికొచ్చి నర్సు చెయ్యి పట్టుకుని, నాడా వదులు చేసి, ఆ వేళ్ళను గడ్డ మీద పెట్టింది.

నర్సు మొహంలో నవ్వు పోయింది. వేళ్ళు మాత్రం అక్కడే ఆగాయి.

ఇంకొకరి నోట పడకుండా ఆమె మాట చేరవలసిన చోటికి చేరడం, ఈ దేశం వచ్చాక అదే మొదటిసారి.