అరుగు మీద ఎర్ర జెండా

ఆరో గుంట దగ్గర నిలబడితే సుందరరామయ్య ఇల్లు కనిపిస్తుంది. ఐదో గుంట పల్లంలో ఉంది, అక్కడినుంచి కనిపించదు. ఆ ఉదయం గోల్ఫు ఆటలో ఆయన మనసుకు ఎక్కింది ఇదొక్కటే.

నర్సీపట్నం పొలిమేరలో ఆ గుట్ట మీద గోల్ఫు మొదలుపెట్టింది మన్యం గొడవలప్పుడు వచ్చిన పటాలం దొరలు. వాళ్లు వెళ్లిపోయాక కర్రలు, బంతులు, ఆరు గుంటలు ఊరివాళ్లకు మిగిలాయి. పచ్చిక బతకని నేల కనుక ప్రతి గుంట చుట్టూ వాకిలి అలికినట్టు పేడతో అలికిస్తారు. పచ్చి పేడలో బంతి కూరుకుంటే చేత్తో తీసి, తుడిచి, పక్కన పెట్టుకోవచ్చు. దొరలైతే ఒప్పుకునేవారు కాదు.

ఆ పుష్యమాసపు ఆదివారం ఆడుతున్నది ముగ్గురు: బడిపంతులు సుందరరామయ్య, డాక్టరు రమణబాబు, కొండమీద నాలుగు ఊళ్లకు పెద్ద అయిన మత్స్యరాజు.

సుందరరామయ్య ఆట కోసం రాలేదు. తొమ్మిదేళ్ల కూతురు లలితాంబకు చలిజ్వరం. రోజు విడిచి రోజు, పదకొండు గంటల వేళకు వస్తోంది. ఈ రోజు రావలసిన రోజు. ఆషాఢంలో పిల్ల తల్లిని తీసుకుపోయింది ఆ జ్వరమే. అప్పుడు ఆయన బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్నాడు. కబురు అందేసరికి ఆలస్యమైంది.

"మీరు మంచం పక్కన కూర్చుని పిల్లను బెదరగొడుతున్నారు మాస్టారూ," అన్నాడు డాక్టరు నిన్న. "నాతో గుట్టకు రండి. జ్వరం పెరిగితే తెలిసే ఏర్పాటు చేయండి. ఇద్దరం కలిసే దిగుదాం."

ఏర్పాటు ఒక జెండా. గుంటల్లో పాతే ఎర్ర జెండా ఒకటి, అలుకుపని చేసే చిలకమ్మ చేత సుందరరామయ్య పొద్దున ఇంటికి పంపాడు. జ్వరం పెరిగితే అత్తగారు బాలాంబ దాన్ని పెరటి గోడ మీద నిలబెట్టాలి. రాత్రే ఆవిడకు చెప్పాడు. "అలాగే నాయనా," అంది ఆవిడ.

మొదటి చుట్టులో ఆరో గుంట చేరేసరికి ఊరంతా మంచులో ఉంది. రెండో చుట్టులో మంచు విడింది. పల్లం నుంచి ఎక్కుతూనే ఆయన గోడ వైపు చూశాడు. గోడ మీద ఏమీ లేదు.

"ఏటి మాస్టారూ," అన్నాడు మత్స్యరాజు, "బంతిక్కడుంటే సూపక్కడుంది. బళ్లో కూడా ఇలాగే సెప్తారేటి పాఠం?"

"ఊరుకోండి రాజుగారూ," అన్నాడు డాక్టరు. "గోడ ఖాళీగానే ఉందిగా మాస్టారూ? కొట్టండి."

ఆయన కొట్టాడు. బంతి పోయి చిలకమ్మ అలుకుతున్న చోట పచ్చి పేడలో దిగబడింది. చిలకమ్మ దాన్ని తీసి కొంగుతో తుడిచి ఇచ్చింది.

"జెండా అందించావా చిలకమ్మా?"

"అందించకేటి బాబూ! అరుగు మీదెట్టినాను. అమ్మగారు మడి గట్టుకొని వంటింట్లోకి పోతన్నారు. ఎంతమంది ముట్టుకున్న గుడ్డో అని, కర్రట్టుకొని మూలకి తోసేసినారు. నాకు నవ్వాగితే గదా!"

చిలకమ్మ మళ్లీ నవ్వింది. సుందరరామయ్య గోడ వైపు తిరిగాడు.

మడి కట్టుకుంటే వంట ముగిసి భోజనం అయ్యేదాకా ఆవిడ ఆ గుడ్డ ముట్టదు. ఈ సంగతి ఆయనకు కొత్త కాదు. పన్నెండేళ్లుగా ఆ మడివంటే తింటున్నాడు. జెండా పంపేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. ఇంతసేపూ ఖాళీ గోడను చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.

కర్ర నేల మీద పెట్టాడు.

"డాక్టరుగారూ, వెళ్దాం."

"జెండా లేదుగా?"

"మా అత్తయ్యగారు మడిలో ఉన్నారు."

డాక్టరు మరి అడగలేదు. ఆయన ఇంట్లోనూ మడి కట్టుకునే తల్లి ఉంది.

"బేగి పదండి," అన్నాడు మత్స్యరాజు. ఈసారి వేళాకోళం లేదు. "నా బండి కిందనే ఉంది. డాక్టరుగారి మందుల సంచీ అందులోనే ఉంది."

సగం వాలు దిగేసరికి గోడ మీద ఎరుపు కనిపించింది. జెండాను ఎవరూ పాతలేదు. తెల్లచీర కట్టిన మనిషి రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది. సుందరరామయ్య పరుగెత్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, ఊరి పంతులు, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టుకుని పరుగెత్తాడు.

పిల్ల ఒళ్లు కాలిపోతోంది. అమ్మా అని పలవరిస్తోంది. డాక్టరు సూదిమందు వేశాడు. తడిగుడ్డలు మార్చి మార్చి వేయించాడు. గంటన్నరకు చెమట పట్టింది. లలితాంబ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది.

"గండం గడిచింది మాస్టారూ," అన్నాడు డాక్టరు చెయ్యి చూసి. "ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను."

బాలాంబ గుమ్మం అవతల నిలబడి ఉంది. జెండా ఇంకా చేతిలోనే ఉంది.

"రెండుసార్లు అరుగు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను నాయనా," అంది. "పిల్ల అమ్మమ్మా అని పిలిచినా ముట్టలేదు. వాళ్లమ్మను పిలిచాక..."

సుందరరామయ్య పిల్ల నుదుటి మీది తడిగుడ్డ తీసి పక్కన పెట్టాడు.

"మీరు ఎత్తారు అత్తయ్యగారూ. నేను చూశాను."

"తలమీద నీళ్లు పోసుకుని మళ్లీ వండుతాను."

"ఈ పూటకు వద్దు. దాని దగ్గర కూర్చోండి."

ఆవిడ జెండాను గోడకు ఆనించి లోపలికి వచ్చింది. పొద్దుటి నుంచి ముట్టని మనవరాలి తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. వంటింట్లో అన్నం మాడిన వాసన వస్తోంది. ఇద్దరూ లేవలేదు.