తాళం వెనక రేకు

మేస్త్రి తలుపుకు చెవి ఆనించి, సుత్తి పిడితో మెల్లగా కొట్టి విన్నాడు. తూటా దూరని తలుపు అది. పైకి నున్నటి చెక్క, లోపల ఉక్కు. తాళం కూర్చోవడానికి మాత్రం ఆ ఉక్కును కొంచెం కోయాలి. కోసినచోట వెనక ఇంకో రేకు అతకకపోతే తూటాకు దారి ఇచ్చినట్టే. సరిగ్గా అక్కడే చప్పుడు డొల్లగా వచ్చినట్టు తోచింది.

"వెనక రేకు అతికావా?"

"అతికా బావా" అన్నాడు వెల్డరు, నుదురు తుడుచుకుంటూ.

ఆ తుడుచుకోవడం మేస్త్రికి నచ్చలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

తన నీడనైనా వెనక నడవనివ్వడని మేస్త్రికి పేరు. పాలు పోయించుకునేటప్పుడు గిన్నెకేసి కాదు, పోసేవాడి మొహంకేసి చూస్తాడు. గడియ పెట్టి పడుకోబోయి, మళ్ళీ లేచి లాగి చూస్తాడు. భార్య మొదట్లో నవ్వేది, తర్వాత పోట్లాడేది, ఇప్పుడు "పెట్టే ఉంది" అని నిద్రలోనే అంటోంది. ఆమె తమ్ముడే ఈ వెల్డరు. మీసాలు రాకముందు నుంచీ బావ చేతికింద పెరిగినవాడు.

భోజనాలవేళ వెల్డరు ఫోను పట్టుకుని మెట్లకిందికి వెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడాడు. అటుగా వచ్చిన సూపర్‌వైజరు అతన్ని చూసి నవ్వి దాటిపోయాడు. ఇద్దరూ కుమ్మక్కయ్యారా? రేకు ఎటు పోయింది? మేస్త్రి సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. డబ్బా మూసేసి, అటూ ఇటూ చూసి, తలుపు మీది చెక్క విప్పాడు.

రేకు ఉంది. అడిగినదానికన్నా మందంగానే ఉంది. అతుకులో చీమ దూరే సందు లేదు.

"ఉందా బావా?"

వెల్డరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"ఉంది" అన్నాడు మేస్త్రి. ఇంకేదో అనాలనుకున్నాడు. "స్క్రూ వదులైందేమోనని..." అంది నోరు.

వెల్డరు వచ్చి చెక్కకు రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బిగించారు.

సాయంత్రం వ్యానులో పక్క సీటు ఖాళీ. వెల్డరు ముందే వెళ్ళిపోయాడన్నాడు డ్రైవరు. ఆ మాటంటూ చూపు తప్పించాడేమోనని మేస్త్రికి అనిపించింది.

ఇంటి దగ్గర భార్య తలుపు తీసింది గానీ పక్కకు తప్పుకోలేదు.

"తమ్ముడొచ్చి వెళ్ళాడు. ఓడలు కట్టేచోట పని ఉందని ఎప్పట్నించో పిలుస్తున్నారట. బావని వదిలి రానని ఇన్నాళ్ళూ చెప్తూ వచ్చాడట. ఇవాళ మధ్యాహ్నం ఫోన్లో కూడా అదే చెప్పాడట. ఇప్పుడేమో రైలెక్కేశాడు. మీరేమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు."

అది నిజమే.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, మారుతాళంచెవి ఎవరికివ్వాలా అని ఆలోచించి ఆలోచించి చివరికి బావమరిది చేతిలో పెట్టాడు మేస్త్రి. ఇన్నేళ్ళు అతని జేబులో తిరిగి అంచులు అరిగిన ఆ తాళంచెవి, బల్లమీద దీపం వెలుగులో మెరుస్తోంది.